షుగర్ బయటపడ్డ కొత్తలో పిక్కలు పట్టేస్తుంటే

అర్ధరాత్రి పిక్క రాయిలా బిగుసుకుపోతుంటే ముందు చూడాల్సింది ఒంట్లో నీళ్ల సంగతి. రక్తంలో గ్లూకోజ్ సుమారు 180 దాటితే మూత్రంలోకి దిగుతుంది. దిగుతూ నీళ్లనీ, సోడియం, పొటాషియం, మెగ్నీషియంనీ వెంట లాక్కుపోతుంది. గ్లూకోజ్‌ని మూత్రంలోకి పంపేసే డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలైతే మూత్రం ఇంకాస్త ఎక్కువే.

దాహానికి చెరకురసమో, కూల్‌డ్రింకో తాగితే కథ మళ్లీ మొదటికే. మంచినీళ్లు, చిటికెడు ఉప్పేసిన పల్చటి మజ్జిగ మేలు (బీపీ, కిడ్నీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకి ఉప్పూ నీళ్లూ డాక్టరు చెప్పినంతే). లీటరు ఓఆర్‌ఎస్‌లో 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. విరేచనాలప్పుడు సరే గానీ రోజూ తాగేది కాదు.

పట్టేసినప్పుడు మోకాలు చాపి, కాలివేళ్లని మీవైపు లాగి అరనిమిషం పట్టుకోండి. తరచూ వస్తుంటే పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది) పరీక్షలు చేయించండి. వాంతులు, ఆయాసం, మగత తోడైతే మాత్రం నేరుగా ఆసుపత్రికే.