పిట్టగోడ ఉన్న గది

ఓడలో అలాస్కా క్రూజ్‌కి వెళ్లొచ్చాం అనగానే అందరూ గ్లేసియర్ల గురించే, అంటే ఆ మంచునదుల గురించే అడుగుతున్నారు. నాకు మాత్రం ముందు బాల్కనీ గురించి చెప్పాలనుంది. ఎత్తంటే నాకు భయం. తిరుమల ఘాట్ రోడ్డులో కిటికీ పక్క సీటులో కూర్చోను, సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో మేం ఉండే అపార్ట్‌మెంట్ కూడా ఏరికోరి కింది అంతస్తులోనే తీసుకున్నాం. కానీ ఈసారి తెనాలి నుంచి అమ్మ వచ్చింది. ఆవిడ మోకాళ్లతో ఓడ పై డెక్ (అంతస్తు) మీద జనం మధ్య గంటలకొద్దీ నిలబడలేదు, మంచుకొండలు గదిలోంచే చూడాలంటే బాల్కనీ తప్పదు.

గది ఎంచుకోవడానికి మూడు వారాలు పట్టింది. పై డెక్‌లకి వెళ్లేకొద్దీ రేటు పెరుగుతుంది, ఏజెంటేమో పదో డెక్ తీసుకోండి, వ్యూ బాగుంటుంది అని ఒకటే పోరు. రైలింగ్ కనీసం 42 అంగుళాలు ఉండాలని అమెరికాలో 2010లో చట్టమే చేశారు, అది దాదాపు నా గుండెల దాకా వస్తుంది, ఆ ధైర్యం ఉంది. నా బాధంతా అద్దంతో. చాలా బాల్కనీలకి రైలింగ్ కింద మొత్తం అద్దమే, కాళ్ల దగ్గర్నుంచి నీళ్లు కనిపిస్తాయి. డెక్ ప్లాన్లు, జనం పెట్టిన వీడియోలు చూడగా చూడగా, మా ఓడలో ఐదో డెక్ ముందు వైపు కొన్ని గదులకి అద్దం బదులు ఉక్కు రేకు ఉందని తెలిసింది. కుర్చీలో కూర్చుంటే సముద్రం కనపడదని వాటిని అందరూ తిట్టారు. నేను మాత్రం వెంటనే మా ఆయన్ని పిలిచి, ఇదే కావాలి, దీనికి పిట్టగోడ ఉంది అన్నాను.

రేపల్లె దగ్గర మా అమ్మమ్మ వాళ్ల డాబాకి పిట్టగోడ ఉండేది కాదు. పంట డబ్బులు రాగానే కట్టిస్తానని తాతయ్య ఏటా అనేవాడు. ఎండాకాలం అందరం ఆ డాబా మీదే పడుకునేవాళ్లం. నాకు ఏడేళ్లప్పుడు ఒక రాత్రి పెళ్లి ఊరేగింపు మేళం వినపడి నిద్రమత్తులో లేచి అంచుదాకా నడిచి వెళ్లిపోయాను, మామయ్య గౌను పట్టుకుని వెనక్కి లాగాడు. కింద పెట్రోమాక్స్ లైట్లు, నా కాలివేళ్ల ముందు ఖాళీ. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది.

అలా వెతికి పట్టుకున్న గది కాస్తా, ప్రయాణం నెలన్నర ఉందనగా, చేయి జారిపోయింది. మీకు ఉచితంగా అప్‌గ్రేడ్ ఇచ్చాం, పదో డెక్ అని మెయిల్. నాకు ఏడుపొచ్చింది. ఫోన్ పట్టుకుని యాభై నిమిషాలు ఎదురుచూస్తే ఒకావిడ మాట్లాడి, ఇంత మంచి గది ఎందుకు వద్దంటున్నారని మళ్లీ మళ్లీ అడిగింది. పాత గది ఇంకా ఎవరికీ ఇవ్వలేదు కాబట్టి బతికిపోయాం. అప్‌గ్రేడ్ వద్దని బుకింగ్‌లో ముందే రాయించుకోవచ్చట, ఏజెంటు ఆ ఒక్క మాట చెప్పలేదు. నాలాంటివాళ్లు ఉంటే డబ్బు కట్టే రోజే రాయించుకోండి.

జూన్‌లో సియాటిల్ పియర్ 91 దగ్గర ఎక్కాం. టిప్పులు, వైఫై అంటూ టికెట్ మీద వడ్డింపులు సరే, చివర్లో విక్టోరియాలో కొన్ని గంటలు ఆగుతుందని అమ్మకి కెనడా వీసా ఖర్చు కూడా. నేను బాల్కనీ గుమ్మంలోనే ఆగిపోవడం గది సర్దే ఇండోనేషియా అబ్బాయి చూశాడు. ఏమీ అడగలేదు, కుర్చీని గోడకి ఆనించి వేసి వెళ్లాడు. ఆ తర్వాత రోజూ అలాగే వేశాడు.

రెండో రోజు ఓడ నడిసముద్రంలో ఊగుతుంటే భయం ఎక్కువవుతుందనుకున్నా, తగ్గింది. చుట్టూ నీళ్లే, ఎంత ఎత్తులో ఉన్నానో కొలుచుకోవడానికి చెట్టు లేదు, మనిషి లేడు. లేచి రేకు మీద చేతులు కూడా ఆనించాను. "ఈ మాత్రం గోడ మీ తాతయ్య కట్టించి ఉంటే నీకీ భయం ఉండేది కాదే" అంది అమ్మ. మర్నాడు అలాస్కా రాజధాని జూనోలో రేవుకి ఆనగానే మళ్లీ మొదలు, కింద బస్సులు, చిన్నగా మనుషులు, మోకాళ్లు వణికాయి. అక్కడ మా ఆయన 1,800 అడుగుల పైకి వెళ్లే మౌంట్ రాబర్ట్స్ ట్రామ్ (కొండ మీదికి తీగల మీద వెళ్లే కేబుల్ కారు) ఎక్కొచ్చాడు, నేనూ అమ్మా కిందే తిరిగాం.

గ్లేసియర్ బే నేషనల్ పార్క్‌లోకి వెళ్లిన ఉదయం అమ్మ శాలువా కప్పుకుని బయట కూర్చుని, ఇలా రా, ఎవరో అమ్మాయి ఓడ ఎక్కుతోంది అని కేకేసింది. పార్క్ రేంజర్లు. చిన్న పడవ మా ఓడ పక్కనే పరుగెడుతోంది, ఓడ కూడా ఆగలేదు. భుజాన బ్యాగుతో ఆ అమ్మాయి తాడు నిచ్చెన పట్టుకుని ఒక్కో మెట్టూ పైకి వస్తోంది. పడిపోతుందేమో అన్న టెన్షన్‌లో నేను రేకు మీంచి వంగి, కిందికి, నీళ్లదాకా చూస్తున్నాను. ఆవిడ లోపలికి వెళ్లాక గానీ నా చేతులు ఎక్కడున్నాయో నేను చూసుకోలేదు.

ఆ మధ్యాహ్నం మార్జరీ గ్లేసియర్ ముందు ఓడని నెమ్మదిగా తిప్పారు, రెండు వైపుల గదులకీ కనపడేలా. దాదాపు మైలు వెడల్పున నీలంగా మంచు గోడ. ఒక ముక్క విరిగిపడింది, పిడుగు లాంటి చప్పుడు ఆ తర్వాత వచ్చింది. అమ్మ దణ్ణం పెట్టుకుంది. నేను నిలబడే ఉన్నాను.

చివరి సాయంత్రం, ఓడలో పరిచయమైన రెడ్‌మండ్ తెలుగువాళ్లు టీకి పిలిచారు. వాళ్లది పదో డెక్, అద్దం బాల్కనీ. తలుపు దాకా వెళ్లాను, అడుగు బయటికి పడలేదు. ఆ ఇంటి పెద్దావిడ నా ముఖం చూసి కర్టెన్ లాగేసి, ఇటు కూర్చోమ్మా అని టీ కప్పు నా చేతికిచ్చింది.