ఎన్ని ఎకరాలు చేస్తున్నారు?

పీహెచ్‌డీలో చేరి ఏడాది కావస్తోంది. కృష్ణా డెల్టాలో కౌలు రైతులకు బ్యాంకు రుణాలు ఏ మేరకు అందుతున్నాయన్నది నా అంశం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కోర్స్‌వర్క్‌కు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. మా దగ్గర ఆ కోర్స్‌వర్క్‌లో నన్ను ఎక్కువగా శ్రమపెట్టింది, ఎక్కువగా మార్చింది కూడా పరిశోధనా పద్ధతుల పేపరే. ఎంఏలో అర్థశాస్త్రం చదివినందువల్ల, అంకెలతో లెక్కవేసే పరిమాణాత్మక పద్ధతి నాకు తెలిసినదేననీ, మనుషుల మాటలు విని అర్థం చేసుకునే గుణాత్మక పద్ధతి సంఖ్యలు దొరకని చోట సర్దుకోవడానికి పనికివచ్చేదనీ అనుకుంటూ తరగతిలో అడుగుపెట్టాను.

మొదట నేర్చుకున్నది నమూనా పరిమాణం, అంటే సర్వేలో ఎంతమందిని అడగాలన్నది. 95 శాతం విశ్వాస స్థాయి, 5 శాతం దోష పరిమితి తీసుకుని లెక్క వేస్తే 384 వస్తుంది. ఈ అంకె ఎన్నో సిద్ధాంత గ్రంథాల్లో కనిపిస్తుంది కాబట్టి నేనూ నా ప్రతిపాదనలో అదే రాశాను. ఆ సూత్రం సరళ యాదృచ్ఛిక నమూనాకు, అంటే మొత్తం జాబితా నుంచి చీటీ తీసినట్టు ఒక్కొక్కరినీ ఎంచుకున్నప్పుడు మాత్రమే వర్తిస్తుందని గైడ్ గారు గుర్తుచేశారు. నేను ముందు గ్రామాలను ఎంచుకుని, ఒక్కో గ్రామంలో 20 కుటుంబాల దగ్గరకు వెళ్లదలచాను. ఒకే ఊరివాళ్ల పరిస్థితులు కొంతవరకు ఒకేలా ఉంటాయి కనుక, ఇరవై మందిని అడిగినా ఇరవై మంది విడివిడి మనుషులు ఇచ్చేంత సమాచారం రాదు. ఆ పోలిక చాలా స్వల్పమనుకుని, దాన్ని కొలిచే అంకె అయిన అంతర్గత సహసంబంధం 0.05 అని తీసుకున్నా నమూనాను 1.95 రెట్లు పెంచాలి, అంటే 384 కాస్తా దాదాపు 750 అవుతుంది. ఆ సాయంత్రం ఈ లెక్కను మూడుసార్లు వేసి చూసుకున్నాను.

అంతకన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. యాదృచ్ఛికంగా ఎంచుకోవాలంటే ముందు ఒక జాబితా కావాలి. కౌలు ఒప్పందాలు ఎక్కువగా నోటిమాట మీదే జరుగుతాయి కాబట్టి కౌలు రైతుల పూర్తి జాబితా ఏ కార్యాలయంలోనూ దొరకదు. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు రైతుకు సాగుదారు హక్కు పత్రం రావాలంటే భూ యజమానితో 11 నెలల ఒప్పందం కుదరాలి. సంతకం పెడితే భూమి మీద హక్కుకు ఇబ్బంది వస్తుందని భయపడే యజమానులు వెనకాడతారు. పత్రాలు ఉన్నవారి జాబితా నుంచి నమూనా తీసుకుంటే, నేను ఎవరి గురించి తెలుసుకోవాలనుకున్నానో సరిగ్గా వాళ్లే జారిపోతారు. అందుకే జాతీయ నమూనా సర్వేల తరహాలో ఎంచుకున్న ఊళ్లలో ముందు ఇంటింటికీ వెళ్లి కుటుంబాల జాబితా తయారుచేసుకోవాలని నిర్ణయించాను.

ప్రశ్నావళిని ముందుగా పరీక్షించుకునే పైలట్ సర్వేకు తెనాలి దగ్గర ఒక ఊరికి వెళ్లాను. ప్రశ్నావళిలో మొదటి ప్రశ్న ‘మీకు ఎంత భూమి ఉంది?’ అని. ఒక పెద్దాయన అరెకరం అని చెప్పారు, నేను గడిలో 0.5 అని రాసుకున్నాను. మాటలు పూర్తయ్యాక, కాగితాలు సర్దుకుంటుండగా, మిర్చి వేశారా అని మామూలుగా అడిగితే, “సొంతం అరెకరమేనమ్మా, చేసేది మూడెకరాలు. అందులో మొక్కజొన్న వేశాం” అన్నారు. నేను భూమి ‘ఉందా’ అని అడిగాను, ఆయన ఉన్నదే చెప్పారు. ఆయన భాషలో సాగుకు మాట ‘చేయడం’. ఆ ఒక్క క్రియాపదం నా ప్రశ్నావళిలో లేనందువల్ల, అప్పటికి నింపిన గడులన్నీ మళ్లీ అడిగి సరిచూసుకోవలసి వచ్చింది.

మన వ్యవసాయ గణాంకాల్లోనూ ఇలాంటి తేడాయే ఉంది. 1970-71 నుంచి సాగుతున్న వ్యవసాయ గణన చాలా రాష్ట్రాల్లో గ్రామ భూమి రికార్డుల మీద ఆధారపడుతుంది. జాతీయ నమూనా సర్వే కుటుంబాల దగ్గరకు వెళ్లి అడుగుతుంది. రికార్డుల్లోకి ఎక్కని కౌలు మొదటిదానిలో సహజంగానే తక్కువగా కనిపిస్తుంది. రెండు పట్టికల్లో ఒకే శీర్షిక కింద ఉన్న అంకెలను ఇంతకుముందు పక్కపక్కనే పెట్టి పోల్చేదాన్ని. ఇప్పుడు పోల్చేముందు ఎవరు, ఎవరిని, ఏ మాటలతో అడిగారో చూస్తున్నాను.

ఆ తరువాత ఎనిమిది మందితో దీర్ఘమైన ఇంటర్వ్యూలు చేశాను. గంట రికార్డింగును అక్షరాల్లోకి ఎక్కించడానికి నాకు దాదాపు ఆరు గంటలు పట్టింది. కానీ ఆ పని చేస్తుండగానే అసలు సంగతులు తెలిశాయి. ఖరీఫ్‌లో వరికి ఒకరు, రబీలో మొక్కజొన్నకు మరొకరు అదే చేను చేస్తున్న సందర్భాలు ఉన్నాయి. అంటే ‘కౌలు రైతు అవునా, కాదా’ అన్న గడి సరిపోదు. చేను వారీగా, పంటకాలం వారీగా అడగాలి. “నమ్మకం మీద ఇచ్చారు” అన్న మాట ఇంటర్వ్యూల్లో మళ్లీ మళ్లీ వచ్చింది. దానికి ‘మౌఖిక ఒప్పందం’ అని కోడ్, అంటే విశ్లేషణ కోసం ఒక గుర్తు, పెట్టాను. రెండోసారి చదివినప్పుడు, ఆ నమ్మకంలో మరుసటి ఏడాది చేను దక్కుతుందో లేదోనన్న బెంగ కూడా ఉందని గమనించి, దానికి విడిగా కోడ్ పెట్టాను.

అయితే ఇంటర్వ్యూలు నన్ను తొందరపెట్టాయి కూడా. పత్రం అడగకపోవడానికి యజమాని పట్ల భయమే కారణమని ఎనిమిది మందీ చెప్పడంతో, అదే జవాబని రాసేశాను. ఆ ఎనిమిది మందినీ నాకు పరిచయం చేసింది ఒక్క మనిషే, అందరూ ఒకే వీధివాళ్లు. నమూనా గురించి చదివిన తరగతులే నన్ను అక్కడ ఆపాయి. తరువాతి విడతలో ఊళ్లోనే ఉండే చిన్న యజమానుల దగ్గర చేసేవాళ్లనూ, కౌలు మానేసినవాళ్లనూ, భర్త పేరు మీద సాగు నడిపే మహిళలనూ కలవబోతున్నాను.

ప్రశ్నావళిని తిరగరాశాను. మొదటి పేజీలో ఇప్పుడు ఒక పట్టిక ఉంది: ఒక్కో చేనుకు ఒక వరస, ఖరీఫ్‌కు ఒక గడి, రబీకి ఒక గడి. దాని పైన ‘ఈ ఏడాది మీ కుటుంబం ఎన్ని ఎకరాలు చేస్తోంది?’ అని ఉంటుంది. సొంతమెంత, కౌలెంత అన్న ప్రశ్న ఆ పట్టిక నిండాకే వస్తుంది.