తడవని తువ్వాళ్ళు

"కింద మొసళ్ళున్నాయ్ బాబూ, దిగనివ్వరు" అన్నాడు మొక్కజొన్న కండెలు కాల్చే ఆయన. అప్పటికి నా భుజం మీద తువ్వాలుంది, మా వాడు చొక్కా కూడా విప్పేశాడు.

తెల్లారుజామున గుంటూరులో బయల్దేరి, పిడుగురాళ్ళ, మాచర్ల మీదుగా ఎత్తిపోతల జలపాతం చేరేదాకా వాడిది ఒకటే పాట: "నాన్నా, ఈత!" నాలుగు తువ్వాళ్ళు, మూడు జతల బట్టలు, పెద్ద డబ్బాడు పులిహోర. మొసళ్ళ సంగతి మాత్రం ఎవరికీ గుర్తులేదు. అక్కడ వాటిని పెంచే కేంద్రమే ఉంది మరి!

సరే, పైనుంచే చూశాం. చంద్రవంక ఏరు కొండల్లోంచి వచ్చి 70 అడుగుల కిందకి ఒక్కసారి దూకేస్తోంది. వానలు పడ్డాయేమో, నీళ్ళు ఎర్రగా, అచ్చం మా అమ్మ పెట్టే టీ రంగులో ఉన్నాయి. గాలి ఇటు తిరిగినప్పుడల్లా తుంపర. నా కళ్ళజోడు మసకబారిపోతే అమ్మ కొంగుతో తుడిచింది. తుడుస్తూనే, "నెత్తిన నీళ్ళు పడ్డాయిగా, స్నానం అయినట్టేలే" అంది.

పులిహోరలో సగం కోతిగారికి సమర్పయామి. పోనీలెండి, ఉప్పెక్కువైంది ఎలాగూ.

తిరుగు దారంతా వాడు మూతి ముడుచుకునే ఉన్నాడు. "ఈ ఏరు పోయి కృష్ణలోనే కలుస్తుందిరా, మన కుళాయిలో వచ్చేదీ కృష్ణ నీళ్ళే" అని ఏదో సర్దిచెప్పా.

ఇల్లు చేరి గంటైంది. తువ్వాళ్ళు మడత నలగకుండా బీరువాలోకెళ్ళాయి. వీడేమో బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి "నానమ్మా, మొసలి!" అని ఒకటే కేకలు.