28వ వచనం దగ్గరే ఆగిపోతున్నాం

మా సంఘంలో ఏ ఇంటికి పోయినా గోడ క్యాలెండర్ మీద మత్తయి 11:28 కనిపిస్తుంది. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి." వాట్సాప్ స్టేటస్‌లోనూ అదే. అక్కడితో ఆపేస్తారు, నా బాధంతా అదే. యేసు ప్రభువు అక్కడ ఆపలేదు కదా! వెంటనే "మీమీద నా కాడి ఎత్తికొని నాయొద్ద నేర్చుకొనుడి" అన్నాడు, ప్రాణాలకు విశ్రాంతి దొరికేది ఆ తర్వాతే. బరువు దించమని మోకరిస్తాం, కాడి మాట వచ్చేసరికి లేచిపోతాం.

కాడి అంటే ఏందో మన అనంతపురం రైతులకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మా జేజినాయన కొత్త కోడెను మడకకు కట్టాలంటే, పక్కన పని తెలిసిన ముసలి ఎద్దు ఉండాల్సిందే. కట్టే ముందు కాడిమాను కింద అరచెయ్యి పెట్టి నిదానంగా జరుపుకుంటూ పోయేవాడు, ఎక్కడన్నా పేడు లేచి చేతికి తగిలితే గాజుపెంకుతో గీకి నున్నగా చేసేవాడు, మెడ ఒరుసుకుపోతే ఆ పశువు ఎన్నాళ్ళు మూలన పడుతుందో ఆయనకు తెలుసు. కోడె మొదట్లో ముందుకు గుంజేది, పక్కకు లాగేది, రొప్పేది. ముసలెద్దు తన నడక తాను నడిచేది. నాలుగు సాళ్ళు తిరిగేసరికి కోడెకు అర్థమయ్యేది, దాని అడుగులో అడుగేస్తే మెడకు నొప్పి లేదని.

మన ప్రభువు వడ్లవాడు. ఆయన మడకలు, కాడిమాన్లు చేసేవాడని 2వ శతాబ్దంలోనే జస్టిన్ మార్టిర్ అనే క్రైస్తవ రచయిత రాశాడు. అట్లా చెక్కపని చేసిన చేతులాయన "నా కాడి సుళువు" అంటుంటే మనకెందుకు ఇంత భయం?

నేనూ భయపడినవాడినే. రెండు బోర్లు ఎండిపోయి, అప్పు ఇంట్లో ఆమెకు చెప్పకుండా దాచి, ఆర్నెల్లు నిద్ర లేక ఒకటే టెన్షన్, రోజూ అప్పు తీర్చమని ప్రార్థన. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘంలో పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని అడిగింది: "అప్పు తీర్చమని నువ్వు అడుగుతాండావు సరే. ఆయప్ప నిన్ను ఏం చెయ్యమంటాండాడో అది వింటాండావా నాయనా?" ఇంట్లో నిజం చెప్పమని లోపల ఎన్నో దినాల నుంచి వినపడుతూనే ఉంది. "మేలు కలుగు మార్గమేది అని యడిగి అందులో నడుచుకొనుడి, అప్పుడు మీకు నెమ్మది కలుగును" అని యిర్మీయా 6:16లో దేవుడు చెబితే జనం 'మేము నడుచుకోము' అన్నారు చూడండి, ఆ మొండి జనంలో నేనూ ఉన్నానని ఆ పూట తెలిసింది.

దయచేసి 28 దగ్గర ఆగొద్దండి. మీ మెడకు ఆయన ఏ కాడి పెట్టాలనుకుంటున్నాడో అడగండి. ఎవరిని క్షమించాలో, ఎవరికి నిజం చెప్పాలో ఆయనే చూపిస్తాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అంతా చెప్పేశాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత లెక్కల పుస్తకం తెమ్మనింది. ఇద్దరం అరుగు మీద కూర్చుని ఒక్కో పద్దూ చదువుకున్నాం, చివర్లో ఆమే ప్రార్థన చేసింది. అప్పు ఇంకా ఉంది, బోర్లో నీళ్ళూ రాలేదు. ఆ రాత్రి మాత్రం కోడి కూసేదాకా నాకు మెలకువ రాలేదు.