పికప్‌కి పెద్ద టైర్లు: లిఫ్ట్ కిట్ కొనేముందు కొలవాల్సినవి

వీ-క్రాస్‌కో హైలక్స్‌కో పెద్ద టైర్లు వేద్దామనుకోగానే అందరూ అడిగేది ఒకటే: లిఫ్ట్ (స్ప్రింగులు మార్చి బండిని పైకి లేపడం) రెండించులు చాలా, మూడు కావాలా? అక్కడే లెక్క తిరగబడుతుంది. స్ప్రింగులు మార్చి బండిని 50 మి.మీ. లేపినా వెనక హౌసింగ్ (ఇరుసు, డిఫరెన్షియల్ ఉండే ఇనప గూడు) కింద ఖాళీ ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు. ఆ హౌసింగ్ చక్రాల మీదే ఉంటుంది, స్ప్రింగుల మీద కాదు. రాయికి డిఫరెన్షియల్ తగలకూడదంటే టైరే పెరగాలి. ఛాసిస్, సైడ్ స్టెప్పులు, బంపర్ తగలకూడదంటే అప్పుడు లిఫ్ట్.

రెండో అపోహ ఇంకా ఖరీదైనది: లిఫ్ట్ చేస్తే టైరు రుద్దుకోదని. చక్రం గుంతలో పడి పూర్తిగా పైకి లేచినప్పుడు దాన్ని ఆపేది బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మ. మీరు మార్చింది స్ప్రింగు, బంప్ స్టాప్ కాదు. కాబట్టి టైరు అంతకుముందు ఎంత ఎత్తుకి వెళ్లేదో ఇప్పుడూ అంతే ఎత్తుకి వెళ్తుంది. రుద్దుకోవడం కాస్త అరుదవుతుంది గానీ పోదు.

అందుకే ముందు టైరు లెక్క. 16 ఇంచుల రిమ్ముతో వచ్చిన వీ-క్రాస్ టైరు 245/70 (245 మి.మీ. వెడల్పు, టైరు గోడ ఎత్తు దాంట్లో 70 శాతం), వ్యాసం సుమారు 749 మి.మీ. 265/70 వేస్తే 777, 265/75 అయితే 804. వ్యాసం పెరిగినదాంట్లో సగమే హౌసింగ్ కింద కలిసొస్తుంది. అంటే 265/75తో 27 మి.మీ. దానికి మూల్యం కూడా ఉంది. చక్రం ఒక చుట్టుకి ఏడు శాతం ఎక్కువ దూరం పోతుంది, గేర్లన్నీ అంతమేర బరువెక్కుతాయి, స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది. లోడుతో చిత్తూరు నుంచి పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు తేడా కాలికి తెలుస్తుంది. బెంగళూరులో తిరుగుతూ నెలకోసారి ఊరికి వెళ్లొచ్చే బండికి 265/70 చాలు, లిఫ్ట్ లేకుండానే చాలావరకు సర్దుకుంటుంది. పెద్ద టైరు కొనేముందు అదే సైజు స్టెప్నీ బెడ్ కింద పడుతుందో లేదో చూడండి. చాలామంది ఇది మర్చిపోతారు.

రిమ్ముల దగ్గర ఒక జాగ్రత్త. వీ-క్రాస్, హైలక్స్ రెండింటికీ ఆరు నట్లు, 139.7 మి.మీ. పీసీడీయే (నట్లు కూర్చునే వలయం వ్యాసం). కానీ హబ్ రంధ్రం వీ-క్రాస్‌ది 100.1, హైలక్స్‌ది 106.1. నట్లు పట్టాయి కదా అని హైలక్స్ రిమ్ము తెచ్చి వీ-క్రాస్‌కి వేస్తే సెంటర్ రింగు లేకుండా కూర్చోదు, వైబ్రేషన్ రావచ్చు. బయటికి పొడుచుకొచ్చే ఆఫ్‌సెట్ రిమ్ములు చూపుకి బాగుంటాయి, కానీ స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు పెద్ద వలయంలో తిరిగి వెనకవైపు లైనర్‌కీ మడ్‌ఫ్లాప్‌కీ తగులుతుంది.

ఇక స్ప్రింగు. దీన్ని ఇంచుల్లో కాదు, కిలోల్లో ఎంచుకోవాలి. ముందు స్టీలు బంపరు, వించి ఉంటే అవి ఎన్ని కిలోలు? వెనక బెడ్‌లో ఎప్పుడూ ఉండే బరువెంత? కెనోపీ, టూల్ బాక్సు, నీళ్ల ట్యాంకు, అన్నీ లెక్కే. 300 కిలోలకి చేసిన కమాన్ పట్టీలు (వెనక స్ప్రింగులు) ఖాళీ బండికి వేస్తే, ఔటర్ రింగ్ రోడ్డులో ప్రతి స్పీడ్ బ్రేకరుకీ వెనక సీటువాళ్లు మిమ్మల్ని తలుచుకుంటారు.

ముందువైపు చౌక దారి షాకప్ నెత్తిన పెట్టే స్పేసరు. షాకప్ కింది కొస, చక్రాన్ని పట్టే కింది ఆర్మ్ మధ్యలో ఉంటుంది కాబట్టి 25 మి.మీ. స్పేసరు చక్రం దగ్గర దాదాపు రెట్టింపు ఎత్తు ఇస్తుంది. కానీ వేలాడినప్పుడు చక్రం మునుపటికంటే అంతమేర కిందికి దిగుతుంది. హంపు దిగగానే టక్‌మని చప్పుడు, పై ఆర్మ్ బాల్ జాయింట్ చివరికంటా లాగబడటం అందుకే. నా ఓటు పొడవైన షాకప్, స్ప్రింగు కలిసిన సెట్‌కే. 50 మి.మీ. దాటితే పై ఆర్ములు మార్చాలి, లేకపోతే క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే అక్షం వెనక్కి వాలే కోణం) తగ్గి హైవేలో స్టీరింగ్ తేలిపోతుంది. 4×4 అయితే ముందు చక్రాలకి శక్తినిచ్చే సీవీ జాయింట్ల కోణం చూసి డిఫరెన్షియల్ 25 మి.మీ. దించే బ్రాకెట్లు వేయాలి. రిమ్ము లోపలివైపు గ్రీజు చిందిందంటే ఆ జాయింటు రబ్బరు బూటు చినిగిందన్నమాట.

వెనక పట్టీ చివరని ఛాసిస్‌కి తగిలించే షాకిల్ 50 మి.మీ. పొడవు పెంచితే వచ్చేది సుమారు 25 మాత్రమే. ఇరుసుకీ పట్టీలకీ మధ్య పెట్టే బ్లాకులు చవక, కానీ ఫస్ట్ గేర్‌లో గట్టిగా లాగినప్పుడు పట్టీలు మెలితిరుగుతాయి. పట్టీల్ని ఇరుసుకి పట్టే యూ బోల్టులు ఒకసారి బిగించాక సాగుతాయి, పాతవి తిరిగి వాడొద్దు. పాతది చూపించి బెంగళూరు జేసీ రోడ్డులో అదే మందంలో, కావలసిన పొడవులో హై టెన్సైల్‌వి కొనండి. బ్రేకు హోసు, ఏబీఎస్ వైరు చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బిగుసుకోకూడదు. లోడుని బట్టి వెనక బ్రేకు సర్దే వాల్వు ఉన్న బండైతే దాని బ్రాకెట్టు మార్చాలి, లేదంటే బండి ఎప్పుడూ ఖాళీగా ఉందనుకుని అది వెనక బ్రేకు తగ్గిస్తుంది.

గ్యారేజీలో రెండు పనులు పక్కన నిలబడి చేయించండి. మొదటిది: స్ప్రింగు, షాకప్ విప్పి ఉన్నప్పుడే కొత్త టైరు బిగించి, కింది ఆర్మ్‌ని జాకీతో బంప్ స్టాప్ తగిలేదాకా లేపి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పించండి. ఎక్కడ రుద్దుతుందో చాక్‌పీసుతో గీత పెట్టుకుని, ప్లాస్టిక్ లైనర్ వేడిచేసి వంచడమా, ఫ్లాప్ కోయడమా అప్పుడే తేల్చుకోవచ్చు. రెండోది: ఆర్ములు, పట్టీల బుష్ బోల్టులు బండి గాల్లో ఉండగా బిగించనివ్వకండి. చక్రాలు నేల మీద ఆని బరువు పడ్డాకే చివరి బిగింపు. లేకపోతే రబ్బరు బుష్షులు మెలిక పడిన స్థితిలోనే ఉండిపోయి త్వరగా చినిగిపోతాయి.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. 182ఏ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమూ చిక్కుల్లో పడొచ్చు. ఇది తెలిసే దిగండి.

ఎత్తు కూడా కలిపి చూసుకోండి. వీ-క్రాస్ సుమారు 1.85 మీటర్లు, లిఫ్ట్ 50, టైరు 27, పైన రూఫ్ ర్యాకు 150 మి.మీ. కలిస్తే 2.08 దగ్గర తేలుతుంది. బేస్‌మెంట్ బోర్డు మీద 2.1 అని ఉంటే కింద పైపులు ఎక్కడెక్కడ వేలాడుతున్నాయో నడిచి చూశాకే బండి దించాలి.

పని మొదలయ్యేముందు హబ్ మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు నాలుగు మూలలా కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరు ఎత్తు కూడా కలిసిపోతుంది. పని అయ్యాక అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల కోణం సరిచేయించండి. 500 కి.మీ. తిరిగాక మళ్లీ కొలిచి, యూ బోల్టులు బిగించి, అలైన్‌మెంట్ మరోసారి చూపించండి. కొత్త స్ప్రింగులు అప్పటికి కొద్దిగా కూర్చుంటాయి.