గామా రే బర్స్ట్ వెంట సూపర్‌నోవా: హనుమకొండ డాబా మీద పని ఎక్కడిదాకా వచ్చింది

గామా రే బర్స్ట్ అంటే దూరపు గెలాక్సీలో గామా కిరణాల మెరుపు. కొన్నింటికి మూలం భారీ నక్షత్రం కూలినప్పుడు తన్నుకొచ్చే సన్నని జెట్. దాని వెంట మసకబారుతూ పోయే వెలుగు ఆఫ్టర్‌గ్లో, ఆ నక్షత్రం పేలుడు సూపర్‌నోవా. వీటిని డాబా మీది టెలిస్కోపుతో పట్టాలన్నదే పని. పరికరాలు ఖాయమైనయి. 200 మి.మీ. ఎఫ్/5 న్యూటోనియన్ (అద్దంతో వెలుగు పట్టే టెలిస్కోపు), 3.76 మైక్రాన్ల పిక్సెళ్ల కూల్డ్ మోనో కెమెరా (చల్లబరిచి వాడే నలుపు-తెలుపుది). 2×2 బిన్నింగ్‌లో (నాలుగు పిక్సెళ్లను ఒకటిగా కలిపితే) పిక్సెల్‌కు 1.55 ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 60వ వంతు ఆర్క్‌నిమిషం, అందులో 60వ వంతు ఆర్క్‌సెకను), ఫ్రేములో పట్టేది 39 ఆర్క్‌నిమిషాల చదరం. అందుకే ఫెర్మీ ఉపగ్రహం పంపే బర్స్ట్ అలర్టులను పట్టించుకోవడం లేదు, వాటిలో చోటు తేడా డిగ్రీల్లో ఉంటుంది. స్విఫ్ట్ ఉపగ్రహంలోని ఎక్స్-రే టెలిస్కోపు చోటును కొన్ని ఆర్క్‌సెకన్లకు కుదించి చెప్పాకే మౌంట్ (టెలిస్కోపును మోసే స్టాండు) తిప్పాలి.

బర్స్ట్ వెనకాల వెలిగే సూపర్‌నోవా మాత్రం ఈ అద్దానికి చిక్కదు. 2003 మార్చి 29 నాటి బర్స్ట్ దగ్గరదే, రెడ్‌షిఫ్ట్ (వెలుగు ఎరుపు వైపు జరిగిన కొలత, దూరానికి గుర్తు) 0.1685. దాని ఆఫ్టర్‌గ్లో మసకబారాక బయటపడ్డ సూపర్‌నోవా 2003డీహెచ్ శిఖరం కూడా 20వ మ్యాగ్నిట్యూడ్ (అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ) దరిదాపుల్లోనే. ఇక్కడ 30 సెకన్ల ఫ్రేములు 20 స్టాక్ చేసినా (ఒకటిగా కలిపినా) 18 దాటడం గగనం. మరి ఈ రెంటికీ సంబంధం ఉందన్న అనుమానాన్ని బలంగా లేపిన సూపర్‌నోవా 1998బీడబ్ల్యూ? 1998 ఏప్రిల్ 25 బర్స్ట్ చోటనే అది 14 దాకా వెలిగింది, దూరం సుమారు 12 కోట్ల కాంతి సంవత్సరాలు. కానీ దక్షిణాన మరీ కిందికి ఉండటంతో మన దగ్గర 19 డిగ్రీల ఎత్తు మించి రాదు. అంత కింద క్వారీల దుమ్మే సగం వెలుగు మింగేస్తుంది.

కాబట్టి పని రెండు పాయలైంది: బర్స్ట్‌లకు తొలి గంటలో ఆఫ్టర్‌గ్లో, దగ్గరి గెలాక్సీల్లో విడిగా సూపర్‌నోవాలు. రెండోదాంట్లో ఏదిపడితే అది పనికిరాదు. 2023 మేలో ఎం101 గెలాక్సీలో పేలిన సూపర్‌నోవాకు హైడ్రోజన్ పొర ఉంది. అంత మందం కవచాన్ని జెట్ చీల్చుకుని రావడం కష్టం. హైడ్రోజన్, హీలియం రెండూ ఊడిపోయి, వర్ణపటంలో రేఖలు బాగా వెడల్పుగా ఉన్న 'ఐసీ' రకమే కావాలి. వాటిలోనూ అన్నింటికీ బర్స్ట్ కనిపించదు. జెట్ మనవైపు తిరిగి లేకపోవచ్చు, అసలు పుట్టకనే పోవచ్చు.

ఆఫ్టర్‌గ్లోకు ఆలస్యమే శత్రువు. వెలుగు దాదాపు కాలానికి విలోమంగా తగ్గుతుంది: 6వ నిమిషానికి 15 ఉన్నది గంటకు 17.5. అందుకని మొదట ఫిల్టర్ లేకుండా 10 సెకన్ల ఫ్రేములు, తర్వాత ఎరుపు ఫిల్టర్‌తో 60 సెకన్లవి. ప్రతి ఫ్రేముకు 10 పిక్సెళ్లు జరపకపోతే హాట్ పిక్సెల్ (వెలుగు పడకున్నా మెరిసే పిక్సెల్) కొత్త చుక్కలా మోసం చేస్తుంది. వెలుగు పోల్చి కొలవడానికి తీసుకునే నక్షత్రాల శిఖరం 40,000 కౌంట్లు (పిక్సెల్ ఇచ్చే అంకె) దాటొద్దు.

ఎండాకాలం గోల వేరే. రాత్రి పదింటికీ స్లాబు సెగ వదలదు, నక్షత్రాలు 5 ఆర్క్‌సెకన్లకు ఉబ్బుతాయి. సాయంత్రం నీళ్లు చల్లితే కొంత నయం. కెమెరాను సున్నా డిగ్రీల దగ్గరే ఉంచాలి, -10 పెడితే కూలర్ నూరు శాతం మీద కొట్టుకుంటూ ఉష్ణోగ్రత నిలవదు, డార్క్‌లు (కెమెరా సొంత రొద తీసేయడానికి మూత పెట్టి తీసే ఫ్రేములు) సరిపోలవు. కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ గడియారం తప్పకుండా చూసుకోవాలి, టైం స్టాంపు లేని కొలత చెత్తబుట్టకే.

ఇంకా మిగిలింది సూపర్‌నోవా కొలతలోంచి గెలాక్సీ వెలుగు తీసేయడం. వానలు మొదలయ్యేలోగా దగ్గరి గెలాక్సీలకు ఇదే కెమెరాతో, ఇదే ఫిల్టర్‌తో సూపర్‌నోవా లేనప్పటి ఫ్రేములు సిద్ధం చేసి పెట్టాలి.