డైసీ పుస్తకాలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం

అచ్చు చదవలేనివారు వినడానికి రూపొందించిన డైసీ పద్ధతిలో రికార్డు చేసిన పుస్తకాన్ని మామూలు ఎంపీ3 ఫైళ్లుగా ఎలా మార్చుకోవాలని అడిగేవారికి నేను మొదట చెప్పేది, చాలా పుస్తకాల్లో మార్చవలసిన పనే ఉండదని. ఫోల్డరు తెరిస్తే ధ్వని సాధారణంగా ఎంపీ3 రూపంలోనే కనిపిస్తుంది. దాని చుట్టూ ఉన్న చిన్నచిన్న ఫైళ్లను చూసి మనం జంకుతాం, అంతే. శ్రమంతా ఆ ముక్కల వరుస చెడకుండా చూసుకోవడంలోనే ఉంది.

అనంతపురం జిల్లాలో, కళ్యాణదుర్గం దగ్గరి మా ఊళ్లో ఉండే పెదనాయనకు చూపు పోయింది. నున్నటి ఫోను అద్దం మీద తడుముకోవడం ఆయనకు సుతరామూ ఇష్టం లేదు. పెన్‌డ్రైవ్ పెట్టుకునే చిన్న రేడియో ఒకటి ఉంది, దాని బొత్తాలు ఆయన వేళ్లకు అలవాటు. సాయంత్రం పూట శెనక్కాయలు ఒలుస్తూ దాంట్లోనే పుస్తకాలు వింటారు.

ఈ పద్ధతికి ప్రమాణాలు రూపొందించే డైసీ సమాఖ్య 1996లో ఏర్పడింది. 2001 నాటి 2.02 రూపంలో ఉన్న పుస్తకాలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. అందులో ఎన్‌సీసీ.హెచ్‌టీఎంఎల్ అనే ఫైలు విషయసూచిక వంటిది. దాన్ని బ్రౌజరులో తెరిస్తే శీర్షికలన్నీ చదవవలసిన క్రమంలో వస్తాయి. ఒక్కో శీర్షిక ఒక్కో స్మిల్ ఫైలుకు దారి చూపుతుంది. ఆ స్మిల్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే, ఏ ఎంపీ3లో ఎన్నో సెకను దగ్గర ఒక వాక్యం మొదలై ఎన్నో సెకను దగ్గర ముగుస్తుందో వెయ్యో వంతు సెకనుతో సహా రాసి ఉంటుంది. అంటే పుస్తకం వరుసను నిర్ణయించేది ఈ సూచికే తప్ప ఎంపీ3ల పేర్లు కావు. పేర్లను నమ్ముకుని అన్నింటినీ ఎత్తి పెన్‌డ్రైవ్‌లో వేస్తే, ముందుమాట చివర, మూడో అధ్యాయం మొదట వినిపించినా ఆశ్చర్యపడనక్కరలేదు.

అందుచేత సూచికను పక్కన పెట్టుకుని, ప్రతి ఎంపీ3 పేరు ముందు 001, 002 అని మూడంకెల సంఖ్య వేసుకోవాలి. ఉత్త 1, 2 అని వేస్తే కొన్ని యంత్రాలు 1 తర్వాత 10ని ఎత్తుకుంటాయి. ఇంత చేసినా చవక రేడియోల్లో చాలావాటికి పేర్లతో పని లేదు, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఏ క్రమంలో చేరాయో ఆ క్రమంలోనే పాడతాయి. కాబట్టి పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32 అనే అమరికలో ఫార్మాట్ చేసి (అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి), ఫైళ్లను ఒకదాని తర్వాత ఒకటిగా కాపీ చేయడం మేలు. విసుగు పుట్టించే పనే, కానీ దీనంత నమ్మకమైనది నాకు మరొకటి కనబడలేదు.

కరెంటు పోయి వస్తే ఈ రేడియోకు ఏ ఫైలు దగ్గర ఆగిందో గుర్తుంటుంది గాని, అందులో ఎక్కడ ఆగిందో గుర్తుండదు. గంట నిడివి గల అధ్యాయం చివరికొచ్చాక అలా జరిగితే, “మళ్లీ మొదట్నుంచి ఎత్తుకుందేమిరా ఇది?” అని పెదనాయన ఫోను చేస్తారు. ఇందుకు మందు, పెద్ద అధ్యాయాలను పదిహేను, ఇరవై నిమిషాల ముక్కలుగా కోయడం. ఎక్కడ కోయాలో స్మిల్ ఫైలే చెబుతుంది: వాక్యం ముగిసిన సెకను చూసుకుని అక్కడ కోస్తే మాట మధ్యలో తెగదు. ఎంపీ3డైరెక్ట్‌కట్ వంటి సాఫ్ట్‌వేర్ ధ్వనిని మళ్లీ కుదించకుండానే కోస్తుంది. ధ్వనిని సవరించే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి మళ్లీ ఎంపీ3గా భద్రపరిస్తే రెండోసారి కుదింపు జరుగుతుంది. ఈ పుస్తకాలు అసలే తక్కువ బిట్‌రేటులో, అంటే సెకనుకు తక్కువ డేటాతో ఉంటాయి, ఇంకోసారి కుదిస్తే చదివేవారి గొంతులో స, శ తేడా మసకబారుతుంది. ధ్వని కుదించని వేవ్ రూపంలో ఉన్నప్పుడు మాత్రం మార్చక తప్పదు. అప్పుడు మోనోలో సెకనుకు 64 కిలోబిట్లు చాలు, గంటకు 29 మెగాబైట్లకు మించదు.

ఇలా చేయడంలో నష్టం లేకపోలేదు. పుట సంఖ్యకు దూకడం, శీర్షిక నుంచి ఉపశీర్షికకు వెళ్లడం, గుర్తు పెట్టుకోవడం అన్నీ పోతాయి. కథలు వినే పెదనాయనకు వాటితో పనిలేదు గాని, డిగ్రీ పాఠ్యపుస్తకం చదివే విద్యార్థికి ఎవరైనా ఈ ఎంపీ3లు చేసిస్తే అది ఉపకారమని నేననుకోను. వారికి డైసీని డైసీగా నడిపే యాప్ నేర్పించాలి. ఇంట్లో వాడే ఫైళ్లు ఏవైనా, అసలు ఫోల్డరును యథాతథంగా వేరేచోట దాచిపెట్టుకోవాలి, ఎందుకంటే ఎంపీ3ల నుంచి ఆ సూచికను తిరిగి రాబట్టడం కుదరదు.

కొన్ని విదేశీ గ్రంథాలయాల పుస్తకాలు తాళం వేసినట్టు సంకేతీకరించి వస్తాయి, వాటి జోలికి పోకూడదు. మన దేశంలో 2012 సవరణతో కాపీరైట్ చట్టం 52వ సెక్షనులో వైకల్యం గలవారి కోసం ప్రతులు చేసుకునే వెసులుబాటు వచ్చింది. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ వంటి ఆన్‌లైన్ గ్రంథాలయం కూడా మామూలు అచ్చు చదవలేనివారి కోసమే. ఈ వెసులుబాటు వారికే గాని, చూపున్న మనం బస్సులో వినడానికి కాదు. అందుకే ఊళ్లో ఎవరైనా ఆ ఫైళ్లు వాట్సాప్‌లో పంపమంటే నేను పంపను. చూపు లేనివారు ఉన్నారంటే మాత్రం పెన్‌డ్రైవ్ తెచ్చుకోమంటాను.